గడప దగ్గర ఆగిన పొగ

మా ఆఫీసులో మల్లెపూల వాసన కొట్టే స్ప్రే డబ్బా సరిగ్గా నా కుర్చీకి పైన, గోడకు బిగించిన చెక్క మీద ఉంటుంది. డబ్బా మీద బొమ్మ ఉంది కాబట్టి మల్లెపూలు అంటున్నాను. వికారాబాద్ స్టేషన్ ముందు మూరల లెక్కన అమ్మే మల్లెపూలకూ దానికీ ఏ చుట్టరికమూ లేదు. పొద్దున తలుపులు మూసి, ఏసీ వేసి, ఆ డబ్బా పట్టుకుని నాలుగు మూలలా కొట్టడంతో మా పని మొదలవుతుంది. గంట తిరక్కముందే నా ఎడమ కన్ను ముందు వంకరటింకర గీతలు మెరవడం మొదలవుతుంది. ఆ తర్వాత ఎడమ కణత. ఆ తర్వాత వాంతి. ఆ వరుస ఎప్పుడూ తప్పలేదు.

మాది తాండూరు ఊరి చివర బండలు పాలిష్ చేసే కంపెనీ. బయట రోజంతా మిషన్లు బండలను కోస్తూ, నున్నగా చేస్తూ ఉంటాయి. చెట్ల ఆకుల మీద, లారీల మీద, పనోళ్ల కనురెప్పల మీద కూడా తెల్ల దుమ్మే. లోపల అద్దాల గది. ఆ గదిలో ముగ్గురం. మా సేటు, కస్టమర్లతో మాట్లాడే అక్క, లారీలకు లోడింగ్ చిట్టీలు రాసే నేను. రోజూ వికారాబాద్ నుంచి రైల్లో వస్తాను. మా ఆయనకు నడుము పోయాక ఇల్లు నా జీతం మీదే నడుస్తోంది. బిడ్డ ఇంటర్ చదువుతోంది. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే "అంత బాధైతే మానెయ్యొచ్చు గదా" అని అడిగేవాళ్లు నాకు మస్తు మంది దొరికారు. మానేసి ఏం తినాలో చెప్పినవాళ్లు మాత్రం ఒక్కరూ లేరు.

"రాళ్ల దుమ్ము పడుతది గానీ సెంటు వాసన పడదా నీకు? గిదేం రోగమమ్మా!" అని మొదట నవ్వింది సేటే. నిజమే మరి, నవ్వొచ్చే సంగతే. దుమ్ముకు దగ్గుతాను, తుమ్ముతాను, అంతే. సెంటుకు మాత్రం తల రెండుగా చీలుతుంది. ఎందుకో నాకేం తెలుసు? నేను కోరి తెచ్చుకున్న తలకాయా ఇది?

వికారాబాద్‌లో డాక్టరుకు చూపించుకున్నాను. మైగ్రేన్ అన్నాడు. నొప్పి రాకముందు ఒక మాత్ర, వచ్చాక ఒక మాత్ర రాసిచ్చి, "ఘాటు వాసనలకు దూరంగా ఉండాలమ్మా, అదే అసలు మందు" అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన బల్ల మీద అగరుబత్తి కట్ట ఒకటి ధూంధాంగా వెలుగుతోంది. నేను ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని తలూపాను. బయటికొచ్చి ఆసుపత్రి మెట్ల మీదే కూలబడ్డాను.

ఇక అక్క సంగతి. ఆమె చెడ్డది కాదు. చెడ్డదైతే నాకు పని సులువయ్యేది. ఒకసారి నేను బాత్రూం గుమ్మంలో పడిపోతే ఆటో పిలిపించి, తన ఒళ్లో తల పెట్టుకుని ఆసుపత్రికి తీసుకుపోయింది ఆమే. ఆ ఒడి నిండా సెంటే. దారి పొడుగునా ఆమె నా నుదురు నిమురుతూ ఉంటే, ఆ చేతి వాసనకు నాకు ఇంకా ఇంకా కడుపులో తిప్పింది. "అక్కా, చెయ్యి తియ్యవా" అని ఎట్లా అంటాను? ఎవరైనా అనగలరా?

ఆ తర్వాత వారం ధైర్యం చేసి అడిగాను. "అక్కా, స్ప్రే జర తగ్గిస్తవా? నీ సెంటు గూడ... ఏమనుకోకు, నాకు పడతలేదు."

ఆమె కళ్లు పెద్దవి చేసింది. "అయ్యో, సెంటు వల్లనా? గొర్ల మందల పెరిగినదానివి, నీకు సెంటు వాసన పడదా?" అని పకపకా నవ్వింది. సేటు నవ్వాడు. చిట్టీ కోసం వచ్చిన లారీ డ్రైవరూ నవ్వాడు. నేనూ నవ్వాను. నవ్వకపోతే ముఖం మాడ్చుకుందని అంటారు కదా.

కుల్కచర్ల దగ్గర మా నాయన గొర్లు కాసేవాడు. వానకు తడిసిన గొర్రెను ఒళ్లో పెట్టుకుని పడుకున్నదాన్ని నేను. ఉన్ని వాసన, పాల వాసన, పెంట వాసన, ఏదీ నా తల జోలికి రాలేదు. నేను ఆ ఆఫీసులో చేరిన వారానికే ఆ స్ప్రే డబ్బా వచ్చిందనీ, అది నా కుర్చీ మీదికే వచ్చిందనీ ఆ నవ్వు విన్నాకే నాకు గుర్తొచ్చింది. గుర్తొచ్చి ఒళ్లు మండింది. మండిన ఒంటితోనే మధ్యాహ్నం అక్క తెచ్చిన పులిహోర తిన్నాను, ఎందుకంటే ఆమె ప్రేమగా పెట్టింది.

ఆ ఆఫీసులో నా బాధ నేను చెప్పకముందే కనిపెట్టిన మనిషి ఒక్కడే. ఆయన ఆఫీసు మనిషి కూడా కాదు.

మా దిక్కు గురువారం గురువారం ఫకీరు వచ్చి దుకాణాలకు ఊదు వేస్తాడు. ఒక చేతిలో నిప్పుల గిన్నె, ఇంకో చేతిలో నెమలీకల కట్ట. నిప్పుల మీద చిటికెడు ఊదు చల్లి, తెల్లటి పొగను నెమలీకలతో గది మూలమూలకూ విసిరి, దువా చదివి, ఇచ్చింది తీసుకుని పోతాడు. సాయిబుల కొట్టా, కోమట్ల కొట్టా అని ఉండదు. దిష్టి పోతుందని అందరూ వేయించుకుంటారు. మా కంపెనీకి వచ్చేది పచ్చ తలపాగా చుట్టుకున్న ముసలాయన. పనోళ్లంతా ఆయన్ని చాచా అంటారు, నేనూ అంతే.

నేను చేరిన కొత్తలో మొదటి గురువారం ఆ పొగకు తట్టుకోలేక వరండాలోకి ఉరికి, ఒక చేత్తో స్తంభం, ఇంకో చేత్తో కణత పట్టుకుని నిలబడ్డాను. చాచా దువా ముగించి బయటికొచ్చి నన్ను చూశాడు. గిన్నెను వీపు వెనక్కి పెట్టుకున్నాడు.

"ఏమైంది బిడ్డా? నెత్తి నొస్తుందా?"

"అవును చాచా. వాసన పడదు నాకు."

"గిట్ల పట్టుకుంటున్నవ్, ఒక్క దిక్కే నొస్తదా?" అని తన ఎడమ కణత చూపించుకున్నాడు. తలూపాను. "మా ఇంటామెకు గట్లనే ఉండె. నేను ఇంటికి పోతే కుర్తా విప్పి బయట దండెం మీద ఏసి, కాళ్లు చేతులు కడుక్కుని లోపలికి పోయేటోన్ని. ముప్పై ఏండ్లు గట్లనే చేసిన."

అంతే. గొర్ల మాట లేదు, రాళ్ల దుమ్ము మాట లేదు, నవ్వు లేదు. మరుసటి గురువారం వచ్చినప్పుడు నిప్పుల గిన్నెను గడప అవతల, గాలి మా దిక్కు రాని మూలన పెట్టి మూత వేశాడు. వట్టి నెమలీకలతో లోపలికొచ్చి సేటు కుర్చీకీ దేవుడి పటాలకూ తాకించి, పెదాలు కదిపి, వెళ్లిపోయాడు. ఆ వేళకు సేటు ఎప్పుడూ మిషన్ల దగ్గరే ఉంటాడు కాబట్టి పొగ లోపలికి వచ్చిందో లేదో చూడలేదు. అక్క చూసింది గానీ ఆమెకు పట్టలేదు.

"పొగ రాకుంటే మరి దువా ఎట్ల చాచా?" అని నేను గుసగుసగా అడిగాను.

"పొగ గడప దాకా వస్తే సాలు బిడ్డా. దువా లోపలికి నడుస్తది."

రెండేళ్లు. ప్రతి గురువారం. ఒక్కసారి కూడా మరిచిపోలేదు ఆ మనిషి.

ఇక నేను చేసిన పని చెప్పాలి.

ఒకరోజు నొప్పి చాలా ముదిరింది. స్ప్రే కొత్త డబ్బా వచ్చింది, దాని ఘాటు వేరు. కళ్ల ముందు గీతలు మెరుస్తుంటే చిట్టీ మీద అక్షరాలు సగం కనపడుతున్నాయి, సగం లేవు. ఆ సగం చూపుతోనే రెండు లారీల చిట్టీలు తారుమారు చేశాను. బషీరాబాద్‌లో ఒక రైతు పశువుల కొట్టానికి పోవాల్సిన గరుకు బండలు ధారూర్‌లో కడుతున్న కొత్తింటి హాలుకు పోయాయి. ఆ హాలుకు పోవాల్సిన నున్నటి పాలిష్ బండలు ఎడ్ల కిందికి పోయాయి. బషీరాబాద్ రైతు ఫోన్లోనే విరుచుకుపడ్డాడు. "ఏందమ్మా ఇది! అద్దం లెక్కున్న బండలు పంపినవ్, నా ఎడ్లు జారి పడి కాళ్లు ఇరగ్గొట్టుకుంటే నువ్వు దున్నుతవా నా చేను?"

సేటు ఆ రోజు అరవలేదు. అరిస్తే బాగుండేది. కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టి, "ఊకె తలకాయ నొప్పి తలకాయ నొప్పి అంటవ్. నీకు ఏమేం పడదో కాగితం మీద రాసియ్యి. చేసేటిది చేస్త. గా తర్వాత గూడ గిట్లనే అయితే మాత్రం నన్ను అనొద్దు" అన్నాడు. ఏమనకూడదో నాకు అర్థమైంది. తాండూరులో చిట్టీలు రాయగలిగే ఆడవాళ్లకు కొదవ లేదు.

మధ్యాహ్నం కూర్చుని రాశాను. మొదట నిజమే రాశాను. పొద్దున్నే కొట్టే మల్లె వాసన స్ప్రే, అక్క పూసుకునే సెంటు, ఈ రెండూ నాకు పడవు అని. రాసి తలెత్తితే ఎదురుగా అక్క. నా కోసం మంచినీళ్ల సీసా నింపి పెడుతోంది. ఆ కాగితం చింపేశాను. ఆమె మీద ఫిర్యాదు అని సేటు అందరి ముందూ చదివితే? ఆమె పదేళ్ల నుంచి ఉంది, సేటు భార్యకు దూరపు చుట్టం కూడా. నన్ను ఒళ్లో పెట్టుకుని ఆసుపత్రికి తీసుకుపోయిన మనిషి మీద కాగితం పెట్టిందంటే నా మొహం ఎవరు చూస్తారు?

అందుకని తెలివి ఉపయోగించాను. ఎవరి పేరూ రాకుండా, ఎవరికీ తగలకుండా, అందరికీ సమానంగా ఉండేలా ఒక వాక్యం పేర్చాను. "ఊదు, అగరుబత్తీలు, స్ప్రేలు మొదలైన వాసనల వల్ల నాకు తీవ్రమైన తలనొప్పి వస్తున్నది." ఊదు ముందు రాశాను. చాచా చదవడు, చాచాకు తెలియదు, చాచా నొచ్చుకోడు. అదీ నా ఆలోచన. రెండేళ్లుగా గడప లోపలికి రాని పొగను ముందు రాసి, రోజూ నా తల మీద కురుస్తున్నదాన్ని చివర దాచాను. కింద సంతకం చేశాను. అక్షరాలు కూడా గుండ్రంగా, ముచ్చటగా వచ్చాయి.

సేటు చదివాడు. నిజంగానే చదివాడు, వేలు పెట్టి. "మంచిది. ఇగ ఫకీరును గేటు కాడనే ఆపమని చెప్త."

నేను ఒక అడుగు ముందుకేశాను. "సార్, స్ప్రే..."

"ఏసీ రూమమ్మా ఇది. కస్టమర్లు వస్తరు. చెమట వాసన కొడితే మంచిగుంటదా? అగరుబత్తి దేవునిది, దాని ఊసు ఎత్తకు. ఒకటొకటి చూద్దాం. ముందుగాల ఇదైతే అయిపోయింది గదా."

అప్పుడు చెప్పాలి. సార్, చాచా పొగ లోపలికి తేవడం మానేసి రెండేళ్లయింది, నా కోసమే మానేశాడు, ఆయన వల్ల నాకు ఏ నొప్పీ లేదు అని చెప్పాలి. నోటి దాకా వచ్చింది. చెబితే నేను రాసింది అబద్ధమవుతుంది. సంతకం చేసిన సిరా ఇంకా ఆరలేదు. "సరే సార్" అన్నాను.

గురువారం వచ్చింది. అద్దంలోంచి గేటు కనపడుతుంది. చాచా వచ్చాడు. వాచ్‌మన్ చెయ్యి అడ్డం పెట్టాడు. ఏదో చెబుతూ వేలు ఎత్తి అద్దం వైపు, నా వైపు చూపించాడు. మాటలు వినపడకపోయినా "మేడంకు పడదంట" అన్నాడని చిన్నపిల్లకైనా తెలుస్తుంది. చాచా తల తిప్పి నా దిక్కు చూశాడు. ఎంతసేపో చూడలేదు. నెమలీకల కట్ట చంకలో పెట్టుకుని వెనుదిరిగాడు. నేను తల వంచుకుని చిట్టీ మీద లారీ నంబరు రాశాను. దాన్ని రెండుసార్లు సరిచూసుకున్నాను కూడా, తప్పు పోకూడదని.

అక్క నా భుజం తట్టింది. "చూసినవా, సేటు నీ మాట విన్నడు. ఇగ ఫికర్ చెయ్యకు." తట్టిన చోట సాయంత్రం దాకా సెంటు వాసన ఉంది.

బండలు కడిగే ఆమె ఒకతి ఉంది. రోజూ నన్ను పలకరించి, తన డబ్బాలోంచి ఇంత తొక్కు పెట్టేది. ఆ వారం పంపు దగ్గర ఎదురుపడి, "ఎందుకక్కా ముసలాయన పొట్ట గొట్టినవ్? నీకేం అడ్డమొచ్చిండు?" అని అడిగింది. జవాబు కోసం ఆగలేదు. పాలిష్ మిషన్ల మీద పనిచేసే సాయిబుల పిల్లలు అదివరకు నేను వస్తుంటే సలాం మేడం అనేవాళ్లు, ఇప్పుడు మిషన్ వైపు తిరుగుతున్నారు. వాళ్ల మనసులో ఏముందో నాకు తెలుసు. గొర్లు కాసినోళ్ల బిడ్డ, నాలుగు అక్షరాలు రాగానే ఫకీరు పొగ గిట్టకుండా అయింది, ఇంకేదో కూడా గిట్టకుండా అయింది అని. అది కాదు అని ఎవరి దగ్గరికి పోయి చెప్పను? కాగితం మీద ఉన్నది నా చేతి రాతే కదా.

మూడు గురువారాలు చూసి ఉండబట్టలేక సేటు దగ్గరికి పోయాను. "సార్, చాచాను రానియ్యుండ్రి. ఆయనతోని నాకేం ఇబ్బంది లేదు."

సేటు ఫైలు తెరిచి నా కాగితం తీసి ముందుకు తోశాడు. "ఇది ఎవరు రాసిండ్రు?"

"నేనే."

"నీ కోసమని ఆపితి. దర్గా కాడి మనిషి, ఆపుతుంటే నాకే మనసొప్పలే. ఇప్పుడు నువ్వే రమ్మంటవ్. నీకు అసలు నొప్పి ఉన్నట్టా, లేనట్టా? ఒక మాట మీద ఉండు."

ఏ మాట మీద ఉండాలి? ఊదుతో నొప్పి లేదంటే స్ప్రేతో కూడా లేనట్టే. ఉందంటే చాచా గేటు బయట ఉన్నట్టే. ఇంత చక్కటి ఉచ్చు వాళ్లెవరూ పన్నలేదు, గుండ్రటి అక్షరాలతో నేనే పన్నుకున్నాను. అక్క అద్దం తుడుస్తూ వింటోంది. వెనక్కి వచ్చి నా కుర్చీలో కూర్చున్నాను, డబ్బా కింద.

నా మీద నాకు వచ్చిన కోపం ఆ సెంటు మీద కూడా ఎప్పుడూ రాలేదు. ఇల్లు, బిడ్డ, మా ఆయన నడుము, అన్నీ నిజమే. అయినా ఒక్క వాక్యం నేరుగా రాయడానికి వాటిలో ఏదీ అడ్డం కాదు. "అక్కా, నీ సెంటు" అనలేకపోయాను, అంతే. పైవాళ్లకు తగలకూడదని కిందివాడికి తగిలేలా రాశాను. నన్ను చూసి గొర్ల మంద అని నవ్వినవాళ్లకూ నాకూ అప్పుడు ఏం తేడా?

మొన్న మళ్లీ నొప్పి వచ్చింది. రాకుండా ఎందుకుంటుంది, డబ్బా అక్కడే ఉంది. సేటు విసుక్కుంటూనే మధ్యాహ్నం ఇంటికి పొమ్మన్నాడు. రైలు అందుకుందామని స్టేషన్ దిక్కు నడుస్తున్నాను. ఎండ కంట్లో గుచ్చుతోంది. కొంగు తడిపి నెత్తి మీద వేసుకున్నాను. గురువారమని నాకు ధ్యాసే లేదు.

కిరాణా కొట్ల వరుసలో ఎదురుగా చాచా వస్తున్నాడు. గిన్నెలోంచి పొగ దండిగా లేస్తోంది. నన్ను చూడగానే ఆగాడు. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను. కనీసం ముఖం తిప్పుకుని పోయినా నాకు కొంత తేలికయ్యేది.

ఆయన గబగబా భుజాన ఉన్న సంచిలోంచి మూత తీసి గిన్నె మీద పెట్టాడు. అదీ చాలదన్నట్టు రోడ్డు దాటి గాలి పోయే వైపుకు పోయి, గోడ వైపు తిరిగి, గిన్నెను పొట్టకు ఆనించుకుని నిలబడ్డాడు. వేడి తగలకుండా కుర్తా కొసను కింద మడత పెట్టుకున్నాడు.

"చాచా" అన్నాను. "చాచా, ఆ కాగితం..."

ఆయన వెనక్కి తిరగలేదు. తిరిగితే పొగ వస్తుందని. నెమలీకల కట్ట పట్టుకున్న చెయ్యి మాత్రం ఎత్తి, స్టేషన్ వైపు ఊపాడు.

"పో బిడ్డా, జల్ది పో. మూత సందుల నుంచి పొగ వస్తున్నది, నెత్తి నొస్తది నీకు."

నేను పోయాను.